దగ్గరికెళ్లి చూసే విశ్వాసం



భయపడవద్దనే మాట బైబిల్లో చాలాసార్లు వినిపిస్తుంది. ఆదివారం ప్రసంగాల్లో, ఆసుపత్రి మంచం పక్కన చేసే ప్రార్థనల్లో, పరీక్షకు బయలుదేరే పిల్ల తలమీద చెయ్యి పెట్టి అమ్మ చెప్పే ధైర్యంలో మనమూ ఆ మాట విరివిగా వాడుకుంటాం. కానీ వద్దన్నంత మాత్రాన భయం పోతుందా? పోదు. పైగా అదే పనిగా భయపడకు, భయపడకు అంటూ ఉంటే, భయపడాల్సినదేదో నిజంగానే ఉన్నట్టుందే అన్న అనుమానం మొదలవుతుంది. మరి ఆ మాట మోసుకొచ్చిన దేవదూతలకు మనిషి మనసు ఇంతేనని తెలియదా?

తెలుసు. సువార్తలు నిదానంగా చదివితే ఆ సంగతి బయటపడుతుంది. బేత్లెహేము పొలాల్లో రాత్రివేళ మందను కాచుకుంటున్న గొర్రెల కాపరులు వెలుగు చూసి హడలిపోయారు. దూత వాళ్లకు ధైర్యం చెప్పి అక్కడితో ఊరుకోలేదు. పసిబిడ్డ ఎక్కడున్నాడో, ఎలా గుర్తుపట్టాలో ఆనవాలు చెప్పాడు. దూతలు వెళ్లిపోగానే ఆ కాపరులు వెళ్లి చూసొద్దామని ఒకరితో ఒకరు అనుకుని, పరుగున బయలుదేరారు. పునరుత్థాన దినాన సమాధి దగ్గరికొచ్చిన స్త్రీలకూ అంతే. భయపడవద్దన్న దూతే, ప్రభువును పడుకోబెట్టిన చోటు వచ్చి చూసుకోమన్నాడు. ఆ సాయంత్రం శిష్యులు భూతాన్ని చూశామనుకుని వణికిపోతే, యేసు తన చేతులూ కాళ్లూ చూపించి, పట్టుకుని చూడమన్నాడు. అప్పటికీ వాళ్లు నమ్మలేకపోతుంటే, తినడానికేమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క వాళ్ల కళ్లముందే తిన్నాడు.

మూడు చోట్లా వరస ఒక్కటే. ముందు ధైర్యం చెప్పడం, ఆ వెంటనే చూడమని పిలవడం. మొదటిది మనకు బాగా గుర్తుంది. రెండోదాన్ని మరిచిపోయాం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ రెండోదాని గురించే. భయానికి దేవుడిచ్చిన మందుల్లో కుతూహలం ఒకటి. ధైర్యం పూర్తిగా కూడదీసుకున్నాకే దగ్గరికెళ్దామని కూర్చుంటే ఏనాటికీ వెళ్లలేం. దగ్గరికెళ్లి చూస్తూ ఉండగా, అడుగుతూ ఉండగా, ధైర్యం దానంతటదే వస్తుంది.

మోషేనే తీసుకోండి. ఐగుప్తులో ఒకణ్ణి చంపి, సంగతి బయటపడిందని భయపడి, ఫరో చేతికి చిక్కకుండా మిద్యాను పారిపోయిన మనిషి. మామగారి మందను మేపుకుంటూ హోరేబు కొండ దాకా వెళ్లాడు. అక్కడొక పొద మండుతోంది, కాలిపోవడం మాత్రం లేదు. ఇదేమిటో చూద్దామని దారి వదిలి అటు తిరిగాడు. నిర్గమకాండం మూడో అధ్యాయంలో ఇక్కడొక సూక్ష్మమైన విషయం ఉంది. మోషే చూడటానికి అటు రావడం దేవుడు చూశాడు, అప్పుడు పేరు పెట్టి పిలిచాడు. మోషే ఆసక్తి ముందు, దేవుడి పిలుపు తర్వాత.

ఆ పైన మోషే భయమంతా ఎగిరిపోయిందా అంటే, లేదు. ముఖం కప్పుకున్నాడు. నేనెంతటివాణ్ణి అన్నాడు. నీ పేరేమిటని అడిగాడు. వాళ్లు నన్ను నమ్మకపోతే ఎలా అన్నాడు. నాకు మాట సరిగా రాదన్నాడు. ప్రతి ప్రశ్నకూ దేవుడు జవాబిచ్చాడు. ఇంకెవరినైనా పంపమని బతిమాలుకున్నప్పుడే ఆయనకు కోపమొచ్చింది, అప్పుడు కూడా అన్న అహరోనును తోడిచ్చి పంపాడు. అంటే కుతూహలం ఆ గొర్రెల కాపరిని ఒక్కరోజులో వీరుణ్ణి చెయ్యలేదు. భయపడుతూనే అయినా దేవుడితో నిలబడి మాట్లాడగలిగే చోటికి తీసుకొచ్చింది. పారిపోవడం అలవాటైన మనిషికి అది చిన్న సంగతి కాదు.

ఇక్కడ కొందరు శ్రోతలకు ఒక సందేహం రావచ్చు. మన సంఘాల్లో పెద్దలు చెబుతుంటారు కదా, విశ్వాసి ప్రశ్నలు వెయ్యకూడదని, కుతూహలం మనిషిని చెడగొడుతుందని. ఈ మాటకు పాత ఆధారమే ఉంది. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీన్, సుమారు పదహారు వందల ఏళ్ల కిందట రాసిన కన్ఫెషన్స్ గ్రంథంలో, కుతూహలాన్ని కళ్ల దురాశగా లెక్కగట్టాడు. ఆయన చూపిన ఉదాహరణల్లో ఒకటి ఛిద్రమైన శవం. చూస్తే ఒళ్లు జలదరిస్తుందని తెలిసీ జనం చూడటానికి ఎగబడతారంటాడు. ఆయన చెప్పింది ఎంత నిజమో మన రోడ్లమీద ప్రమాదం జరిగిన చోట చూస్తే తెలుస్తుంది. గుంపు మూగుతుంది, సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి, పడిపోయినవాడి నోట్లో గుక్కెడు నీళ్లు పోసేవాడు కనిపించడు. అగస్టీన్ ఖండించింది ఈ రకం కుతూహలాన్ని. అది అంగుళం దూరంలో నిలబడి కూడా మనిషిని చూడదు.

మరి మనిషిని చూసే కుతూహలం ఎలా ఉంటుంది? దానికి ఒక వైద్యుడి జీవితం సాక్ష్యం.

మన తెలుగువాళ్లకు రాయవేలూరు కొత్త ఊరేమీ కాదు. చిత్తూరు నుంచీ నెల్లూరు నుంచీ కడప నుంచీ ఎన్ని కుటుంబాలు అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లివస్తుంటాయో మీకు తెలుసు. అక్కడికి 1946లో పాల్ బ్రాండ్ అనే ఇంగ్లీషు సర్జన్ వచ్చాడు. వచ్చాడనడం కంటే తిరిగొచ్చాడనడమే సబబు. ఆయన పుట్టింది తమిళనాడులోని కొల్లిమలైలో, 1914లో. తల్లిదండ్రులు మిషనరీలు. ఒకసారి కుష్ఠు సోకినవాళ్లు ఇంటికొస్తే, నాన్న చేతులకు తొడుగులు వేసుకుని వాళ్ల పుళ్లకు కట్టు కట్టడం, పిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వకపోవడం ఆ పిల్లవాడి మనసులో నాటుకుపోయింది. తర్వాత ఇంగ్లండులో చదువు. అక్కడుండగానే, 1929లో, నాన్న ఇక్కడ జ్వరంతో చనిపోయాడు. పాల్ వైద్యం చదవడానికి ముందు కొన్నేళ్లు వడ్రంగం, తాపీపని నేర్చుకున్నాడు. చేతిపని విలువ తెలిసిన మనిషి చివరికి చేతులు బాగుచేసే డాక్టరయ్యాడు.

ఆ రోజుల్లో కుష్ఠు అంటే ఎంత భయమో ఈ తరానికి తెలియదు. పల్లెల్లో పేరెత్తడానికే జంకి పెద్దరోగం అనేవాళ్లు. సోకినవాణ్ణి ఊరి బయటికి పంపేవాళ్లు. దాన్ని కలిగించే సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. 1940లలో దాన్ని అణిచే మందులూ వచ్చాయి. అయినా వేళ్లు ముడుచుకుపోవడం, పుళ్లు పడటం, వేళ్లే లేకుండా పోవడం ఆగలేదు. ఆ రోగం మాంసాన్ని కుళ్లబెట్టేస్తుందని చదువుకున్నవాళ్లు కూడా నమ్మేవాళ్లు. నమ్మినదాన్ని పరీక్షించి చూసినవాళ్లు తక్కువ. చూడాలంటే దగ్గరికి వెళ్లాలి, తాకాలి. తాకాలంటే భయం.

1947లో బ్రాండ్ చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమం చూడటానికి వెళ్లాడు. అక్కడి డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ చర్మవ్యాధి నిపుణుడు. ఆయన వెంట తిరుగుతూ, వీళ్ల చేతులు ఇలా ఎందుకైపోయాయని బ్రాండ్ అడిగాడు. ఎముకలు, కీళ్లు మీ శాస్త్రం కదా, మీవాళ్లలో ఒక్కరైనా ఈ రోగాన్ని పట్టించుకున్నారా అని కాక్రేన్ గట్టిగానే ఎదురడిగాడు. ఇంతలో ఒక యువకుడు పక్షి గోళ్లలా ముడుచుకుపోయిన వేళ్లతో చెప్పు విప్పుకోలేక అవస్థ పడటం బ్రాండ్ చూశాడు. అతని చేతిలో తన చెయ్యి పెట్టి, ఎంత గట్టిగా పట్టుకోగలవో పట్టుకోమన్నాడు. బలం ఉండదనుకున్న ఆ పట్టుకు బ్రాండ్ నొప్పితో గిలగిలలాడాడు. ఆ నొప్పిలోనే ఆయనకు దారి దొరికింది. చేతిలో కొన్ని కండరాలు చచ్చుబడినా, కొన్ని చెక్కుచెదరలేదన్నమాట. అలాగైతే బాగున్న కండరానికుండే స్నాయువును చచ్చుబడిన చోటికి మళ్లించి కుట్టవచ్చు. చెయ్యి మళ్లీ తెరుచుకుంటుంది. తర్వాతి ఏళ్లలో ఆయనా, ఆయన బృందమూ చేసింది అదే. ముడుచుకుపోయిన చేతులు ఎన్నో తెరుచుకున్నాయి.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. వేళ్లు ఏమైపోతున్నాయి? ఒకసారి తుప్పు పట్టిన తాళం బ్రాండ్ ఎంత ప్రయత్నించినా రాలేదు. రోగి అయిన ఒక కుర్రవాడు ఇలా ఇమ్మని తీసుకుని ఒక్క తిప్పుతో తీసేశాడు. కిందికి చూస్తే నేలమీద రక్తపు చుక్కలు. తాళంచెవి వేలిని ఎముక దాకా కోసేసింది. కుర్రవాడికి తెలియనే తెలియలేదు. రోగం చేస్తున్న అసలు పని అప్పుడు తేటతెల్లమైంది. అది నాడుల్ని దెబ్బతీసి నొప్పిని తీసేస్తోంది. నొప్పి లేకపోవడంతో కాలినా, కోసుకున్నా, ఒరుసుకున్నా మనిషికి తెలియడం లేదు. పడుకున్నప్పుడు ఉన్న వేలు తెల్లారేసరికి ఉండని సందర్భాలూ ఉండేవి. రాత్రి కాపు కాసి చూస్తే, ఎలుక కొరుకుతోంది, మనిషి హాయిగా నిద్రపోతున్నాడు. ఆ తర్వాత ఇంటికెళ్లే రోగులకు పిల్లిని కూడా ఇచ్చి పంపడం మొదలుపెట్టారు. తరతరాలు దైవశాపమని భయపడిన దానికి ఒక పిల్లి కొంత అడ్డుకట్ట వెయ్యగలిగింది.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఒక కుష్ఠురోగి యేసు ముందు మోకరిస్తాడు. ధర్మశాస్త్రం ప్రకారం అతను అంటరానివాడు. మాటతోనే బాగుచెయ్యగల ప్రభువు ముందు చెయ్యి చాపి అతన్ని తాకాడు. స్వస్థత ఆ తర్వాత. బ్రాండ్‌ను చెంగల్పట్టుకు తీసుకెళ్లింది అలాంటి ప్రేమ. ఆ చేతిని పట్టుకుని ఎందుకు, ఎలా అని అడిగించింది కుతూహలం. కుతూహలం లేని ప్రేమ జాలిపడి, పండ్లు పంచి వెళ్లిపోతుంది. ప్రేమ లేని కుతూహలం అగస్టీన్ చెప్పిన గుంపులో కలుస్తుంది. రెండూ కలిసినచోట భయానికి నిలవనీడ ఉండదు. సంపూర్ణమైన ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని యోహాను తన పత్రికలో రాసింది ఇలాంటి ప్రేమ గురించేనని నేననుకుంటాను.

ఇలాంటి పని మన తెలుగు నేలమీదా జరిగింది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మెథడిస్టు వైద్యురాలు, బ్రాండ్ కంటే ఎంతో ముందే, కుష్ఠురోగులకు ఆసుపత్రి నడిపింది. ఆమెకు విరాళమిచ్చి అండగా నిలిచిన నర్సాగౌడ్ హిందువు. రోగిని దగ్గరికెళ్లి చూడటానికి మతం అడ్డు రాలేదు.

ఇంతవరకు వింటే బ్రాండ్‌కు భయమే లేదనిపిస్తుంది. ఉంది. కొన్నేళ్ల తర్వాత, సుదీర్ఘ ప్రయాణం చేసి లండన్ చేరిన ఒక రాత్రి, మేజోడు విప్పుతుంటే మడమ స్పర్శ తెలియలేదు. సూది తీసుకుని గుచ్చుకున్నాడు. నొప్పి లేదు. ఇంకాస్త లోతుగా గుచ్చాడు. రక్తం వచ్చింది, నొప్పి రాలేదు. కుష్ఠు తనకూ సోకిందనుకున్నాడు. ఆ రోగం గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తెలిసిన కొద్దిమందిలో ఒకడైన ఆ మనిషి రాత్రంతా నిద్రపోలేదు. భార్యాపిల్లలకు దూరంగా ఎలా బతకాలా అని ఆలోచిస్తూ పడుకున్నాడు. తెల్లవారాక మళ్లీ సూది తీసుకుని గుచ్చుకున్నాడు. ఈసారి నొప్పితో కేక పెట్టాడు. రైల్లో కదలకుండా కూర్చోవడం వల్ల నరం నొక్కుకుపోయి తిమ్మిరెక్కింది, అంతే. నొప్పి ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నానని ఆయన తర్వాతెప్పుడూ చెబుతుండేవాడు.

ఈ సంఘటన నాకు చాలా నచ్చుతుంది. ఎందుకంటే ఇందులో భయం అడిగే ప్రశ్నా, కుతూహలం అడిగే ప్రశ్నా విడివిడిగా కనబడతాయి. రాత్రి అడిగిన ప్రశ్న, నాకేమవుతుంది? పొద్దున అడిగిన ప్రశ్న, ఈ కాలికి ఏమైంది? మొదటిది ఎంతసేపు అడిగినా తన చుట్టూ తానే తిరుగుతుంది. అర్ధరాత్రి ఫోనులో రోగ లక్షణాలు వెతుక్కునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది తెలుసుకోవాలన్న ఆసక్తిలా కనిపిస్తుంది గానీ, నిజానికి ముసుగేసుకున్న భయమే. రెండో ప్రశ్న మన చూపును బయటికి, ఎదురుగా ఉన్నదాని మీదికి తిప్పుతుంది. మోషే కూడా ఆ రోజు అడిగింది పొద గురించే.

అయితే నిజాయితీగా ఒక మాట అడగాలి. తెల్లారాక కూడా ఆ సూది నొప్పి పుట్టించకపోయి ఉంటే? భయపడిందే నిజమైతే? కుతూహలం ఎప్పుడూ మంచి వార్తే తెస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

దానికి జవాబు యోబు గ్రంథంలో వెతకాలి. తాను దేనికి భయపడ్డాడో అదే వచ్చి పడిందని యోబు మూడో అధ్యాయంలోనే మొర పెట్టుకున్నాడు. పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్లంతా కురుపులు, బూడిదలో కూర్చున్నాడు. దేవుణ్ణి నిలదీశాడు. స్నేహితులేమో నోరు మూసుకోమన్నారు. చివరికి సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడాడు. ఎందుకిలా జరిగిందో ఒక్క ముక్క వివరించలేదు. ఎదురు ప్రశ్నలు వేశాడు. మంచు ఎక్కడ దాచి ఉందో చూశావా? కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో తెలుసా? అడవి గాడిదను కట్టు విప్పి ఎవరు వదిలారు? గుడ్లను నేలమీదే వదిలేసే నిప్పుకోడి సంగతేమిటి? గద్ద ఎవరి మాటమీద అంతెత్తున గూడు కట్టుకుంటుంది?

ఇది యోబును అణచడానికే అని చాలామంది చెబుతారు. నాకలా అనిపించదు. అణచడానికైతే ఒక్క గద్దింపు చాలు, నాలుగు అధ్యాయాలు అక్కర్లేదు. తన బాధలో కూరుకుపోయిన మనిషిని చెయ్యి పట్టుకుని లోకమంతా తిప్పి, ఇది చూశావా, అది చూశావా అని చూపించినట్టుంది. చివరన యోబు, ఇంతకుముందు నీ గురించి విన్నాను, ఇప్పుడు కళ్లారా చూస్తున్నానన్న అర్థంలో బదులిచ్చాడు. ఆ మాట అన్నప్పటికి పోయినదేదీ ఇంకా తిరిగి రాలేదు. ఒళ్లు బాగైందని కూడా గ్రంథం చెప్పదు. ఆయన ప్రశ్నలకు జవాబులు దొరకలేదు గానీ, ప్రశ్నలు అడిగినందుకు దేవుడు ఆయన్ని తోసెయ్యలేదు. స్నేహితులనే తప్పుపట్టాడు.

క్రైస్తవుడి కుతూహలానికి ఆధారం ఇక్కడుంది. జవాబు చేదుగా వచ్చినా, ఆ జవాబు ఉన్న చోట కూడా దేవుడు ఉన్నాడన్నది మన నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాడు ప్రశ్నకు జంకనక్కర్లేదు.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. స్కాన్ రిపోర్టు కవరు విప్పకుండా బైబిల్లో పెట్టి, రోజుల తరబడి ప్రార్థన చేసేవాళ్లు మన మధ్య ఉన్నారు. ప్రార్థన చెయ్యాల్సిందే. చేసి, కవరు విప్పాలి. ఇదేమిటి, ఏ దశలో ఉంది, ఇప్పుడేం చెయ్యాలి అన్న ప్రశ్నలు కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికెళ్లాలి. ఒంటిమీద స్పర్శ తెలియని మచ్చ కనబడితే చొక్కా కింద దాచుకోవద్దు. కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తారు. రోగం రకాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది. తొందరగా చూపించుకుంటే చేతికీ కాలికీ లోపం రాకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. ఆ రోగాన్ని విడాకులకు కారణంగా చూపే వీలును మన పార్లమెంటు 2019లో చట్టం ద్వారా తొలగించింది. చట్టం మారింది, ఇక మారాల్సింది మన భయం.

వీధిలోకి కొత్తగా వచ్చిన కుటుంబం వేరే మతంవాళ్లనో, వేరే భాషవాళ్లనో దూరంగా ఉంటున్నామా? వాళ్ల ఊరు ఏదో, పిల్లలు ఏం చదువుతున్నారో అడగడంతో మొదలుపెట్టవచ్చు. సండే స్కూల్లో పిల్లవాడు, దేవుణ్ణి ఎవరు పుట్టించారని అడిగితే తప్పు అని కళ్లెర్రజెయ్యకండి. నాకూ తెలుసుకోవాలని ఉంది, కలిసి చదువుదాం అనండి. ఆ రోజు వాడి నోరు మూయించకపోతే, రేపు పెద్దయ్యాక కష్టంలో వాడు దేవుణ్ణి అడగగలుగుతాడు.

ఈ వారం ఒక పని చేసి చూడండి. మీరు చాలాకాలంగా తప్పించుకు తిరుగుతున్న విషయం ఒక్కటి తీసుకోండి. అది రిపోర్టు కావచ్చు, అప్పుల లెక్క కావచ్చు, మాటలు మానేసిన తమ్ముడు కావచ్చు. ప్రార్థనలో దాన్ని తీసెయ్యమని అడిగే ముందు, దాని గురించి ఒక్క ప్రశ్న దేవుడి ముందు పెట్టండి. లేచాక, ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరుందో వాళ్ల దగ్గరికి వెళ్లండి. డాక్టరైతే డాక్టరు, బ్యాంకైతే బ్యాంకు, తమ్ముడైతే తమ్ముడు. అప్పటికీ కాళ్లు వణికితే వణకనివ్వండి, నడవడం మాత్రం ఆపకండి.